కాగితం దాటని విమానాలు

కోనసీమ – రెండో ప్రపంచ యుద్ధం: 7వ భాగం

గత వారం కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాల కథ చెప్పుకున్నాం. 1928లో వేసిన లైనును యుద్ధం పేరు చెప్పి 1940లో పీకేశారు. గౌతమి ఒడ్డుకు మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా పట్టింది. మన పట్టాలు పట్టుకుపోయిన రెండేళ్ళకు ఆ యుద్ధమే గౌతమి అవతలి గట్టు దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాన్ విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. ఈ మాట అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఏ పాత కుటుంబానికీ కొత్త కాదు. కానీ ఆ విమానం ఎలా ఉండేదని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. చెప్పేవాళ్ళలోనూ ఎక్కువమంది ‘జీరో’ అంటారు. సినిమాలూ వీడియో గేములూ కలిసి జపాన్ విమానాలన్నిటికీ ఆ ఒక్క పేరే మిగిల్చాయి.

ఆ రోజు బాంబులు మోసుకొచ్చినవి జీరోలు కావు. ర్యూజో అనే విమానవాహక నౌక మీద నుంచి లేచిన నకాజిమా బీ5ఎన్ విమానాలు. ఆ నౌకలో అప్పటికి జీరోలు లేనే లేవు. ఫైటర్లుగా ఉన్నవి మిత్సుబిషి ఏ5ఎంలు. కాక్‌పిట్‌కు పైకప్పు ఉండదు, చక్రాలు లోపలికి ముడుచుకోవు, అప్పటికే కాలం చెల్లిన రకం.

ఈ భాగం ఆ బీ5ఎన్‌ను సరిగ్గా గీయడం గురించి. దానితో పాటు, దానికంటే ఎంతో తక్కువ తెలిసిన విమానాల గురించి. జపాన్ ఇంజినీర్లు కాగితం మీద గీసి, చెక్కతో నమూనా కట్టి, ఎగరేయలేకపోయినవి కొన్ని; ఎగిరినా గంట నిండనివి కొన్ని. వీటికి కంప్యూటర్ మీద పక్క బొమ్మలు గీసే చిత్రకారులు ఇప్పుడు జపాన్‌లో, యూరప్‌లో, అమెరికాలో ఉన్నారు. దాన్ని పొద్దుపోని పనిగా తీసిపారేసేవాళ్ళున్నారు. నేను అలా అనుకోను. సరిగ్గా చేస్తే అది చరిత్ర రచనే. మన తీరానికి ఆ పని అవసరం ఉంది కూడా.

ముందు ర్యూజో సంగతి. 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం ఏ దేశం ఎంత బరువున విమానవాహక నౌకలు కట్టుకోవచ్చో లెక్క కట్టింది. పదివేల టన్నులకు లోపు నౌకలు ఆ లెక్కలోకి రావు. ఆ సందులోంచి దూరడానికే జపాన్ ర్యూజోను చిన్నదిగా తలపెట్టింది. 1933లో అది నౌకాదళంలో చేరింది. 1942 ఏప్రిల్ మొదట్లో వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా దాన్నీ ఆరు క్రూజర్లనూ వెంటబెట్టుకుని బర్మా దక్షిణ కొసన ఉన్న మెర్గీ నుంచి బయల్దేరాడు. అదే సమయంలో జపాన్ నౌకాదళానికే చెందిన మరో సేనాని నగుమో పెద్ద దళం సింహళం వైపు వెళ్ళింది. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేసింది. ఒజావా పని బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడటం. తన ఓడలను మూడు గుంపులుగా విడగొట్టి మన తీరం వెంబడి పరిచాడు. కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. వాటి మొత్తం లక్ష టన్నులు దాటింది.

ఊళ్ళ మీద పడ్డ బాంబులు చేసిన నష్టం కంటే అవి పుట్టించిన భయం చాలా పెద్దది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్ళకు కదిలాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖ వదిలి గుంటూరు చేరింది. విశాఖ మ్యూజియంలో ఆనాటి జపాన్ బాంబు ఒకటి ఇప్పటికీ చూడొచ్చు. బాంబు కళ్ళ ముందుంది, దాన్ని మోసుకొచ్చిన విమానం మాత్రం లేదు. బీ5ఎన్ విమానాల్లో చెక్కుచెదరకుండా మిగిలినది ప్రపంచంలో ఒక్కటీ లేదు, శిథిలాలే ఉన్నాయి. 1970లో ‘టోరా! టోరా! టోరా!’ సినిమా తీసినవాళ్ళకు కూడా అసలు విమానం దొరక్క అమెరికన్ శిక్షణ విమానాలకే మార్పులు చేసి బీ5ఎన్ వేషం కట్టారు. అందుకే బొమ్మ కావాలి.

బీ5ఎన్ 1937 జనవరిలో తొలిసారి ఎగిరింది. జపాన్ రాజశకం ప్రకారం ఆ ఏడు 2597. దాని చివరి రెండంకెలు పట్టుకుని ‘97 రకం’ అన్నారు. సరిగ్గా మూడేళ్ళ తర్వాత, 2600లో వచ్చింది కాబట్టే జీరోకు సున్నా. బీ5ఎన్‌లో ముగ్గురు కూర్చుంటారు, ఒకరి వెనక ఒకరు: ముందు పైలట్, మధ్యలో దారీ గురీ చూసేవాడు, చివర వైర్‌లెస్ పని చూస్తూ తుపాకీ పట్టేవాడు. రెక్కల కొస నుంచి కొసకు పదిహేనున్నర మీటర్లు. పొట్ట కింద 800 కిలోల టార్పెడో గానీ అంత బరువు బాంబులు గానీ మోస్తుంది.

బొమ్మ గీసేవాడు మొదట తేల్చుకోవాల్సింది, ఏ బీ5ఎన్ అన్నది. తొలి రకానికి హికారి ఇంజిను. తొమ్మిది సిలిండర్లు ఒకే వరుసలో ఉండటంతో దాని చుట్టుకొలత ఎక్కువ, ముక్కు వెడల్పు. రెండో రకానికి సకాయె ఇంజిను. సిలిండర్లు రెండు వరుసల్లో సర్దుకోవడంతో ముక్కు సన్నబడింది. పెర్ల్ హార్బర్ మీదికి వెళ్ళినవి రెండో రకం. పుస్తకాల్లో, మోడల్ కిట్ల డబ్బాల మీద మనకు కనబడేదీ అదే. ర్యూజో మాత్రం పాత రకంతోనే బంగాళాఖాతంలోకి వచ్చింది. ఏప్రిల్ చివర కురె రేవుకు తిరిగి వెళ్ళాకే దానికి కొత్త బీ5ఎన్‌లూ జీరోలూ అందాయి. అంటే, కళ్ళ ముందున్న పెర్ల్ హార్బర్ బొమ్మను తీసుకుని కింద ‘కాకినాడ, 1942’ అని రాస్తే ముక్కు దగ్గరే తప్పు పడుతుంది.

ఇక గీత. పక్క బొమ్మ అంటే ఫోటో చూసి దిద్దడం కాదు. ఫోటోలో కెమెరాకు దగ్గరున్న భాగం పెద్దదిగా, దూరంగా ఉన్నది చిన్నదిగా పడుతుంది. తోక వైపు నిలబడి తీస్తే తోక ఉబ్బుతుంది. పక్క బొమ్మలో ఆ మాయ ఉండకూడదు, ముక్కు నుంచి తోక దాకా ఒకే కొలత నడవాలి. మోడల్ కిట్లకు బాగా వాడే 72వ వంతు కొలతలో గీస్తే, పది మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల విమానం పద్నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. చక్రం వ్యాసం, ప్రొపెల్లర్ వ్యాసం వంటి, కచ్చితంగా తెలిసిన కొలతలను ముందు నాటుకుంటారు. తర్వాత అచ్చయిన ప్లాన్లను ఫోటోలతో సరిచూస్తూ మిగతా గీతలను వాటికి కడతారు. అచ్చయిన ప్లాన్లలోనూ తప్పులుంటాయి. ఒకరు వేసిన తప్పు గీతను తర్వాతి పుస్తకాలు పదే పదే దించుకున్న సందర్భాలు ఈ రంగంలో కొల్లలు.

కంప్యూటర్ ఇక్కడే గొప్ప మేలు చేసింది. గీతలు ఒక లేయర్‌లో, రేకుల అతుకులు ఇంకొక దానిలో, రంగు మరొక దానిలో, గుర్తులు, వెలుగునీడలు, పొగ మసి ఒక్కొక్కటీ వేరే పొరలో ఉంటాయి. కొత్త ఫోటో బయటపడి అద్దాల చట్రం ఒక గడి అటూ ఇటూ అయిందని తేలితే ఆ పొర ఒక్కటే మారుస్తారు. కుంచెతో వేసిన బొమ్మలో ఆ వీలు లేదు. ఇంక్‌స్కేప్, గింప్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. అమలాపురంలో డిగ్రీ చదివే పిల్లవాడి దగ్గర మామూలు ల్యాప్‌టాప్ ఉంటే చాలు, ఈ పని మొదలుపెట్టొచ్చు.

రంగు దగ్గరే అసలు తగువులు. ఆనాటి ఫోటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపు. పైగా అప్పట్లో వాడిన ఫిల్ముల్లో ఒక రకానికి ఎరుపు అంటదు. జపాన్ గుర్తయిన ఎర్రటి సూర్యబింబం అందులో నల్లగా పడుతుంది, పసుపు కూడా ముదురుగా కనిపిస్తుంది. ఫోటోలో ముదురు పట్టీ ఉందని ఆకుపచ్చ వేసేస్తే అది నిజానికి పసుపు కావచ్చు. అందుకే ఈ పని మీద ప్రాణం పెట్టేవాళ్ళు పసిఫిక్ దీవుల్లో దొరికిన శకలాల మీది రంగు పెచ్చులను ప్రామాణిక రంగుల పట్టికలతో పోల్చి చూస్తారు. అలా నిలదొక్కుకున్న రంగుల్లో ఒకటి ‘అవొతకె’. లేత వెదురు బొంగు మీది నీలిపచ్చ నిగారింపు. అల్యూమినియం తుప్పు పట్టకుండా లోపలి వైపు పూసిన పారదర్శకమైన లక్క అది, కింది లోహం మెరుపు పైకి తేలుతుంది. తెర మీద దాన్ని ఒకే రంగుగా పోస్తే చచ్చిన పెయింటులా ఉంటుంది. లోహం ఒక పొర, దాని మీద పలచని రంగు ఒక పొర వేయాలి.

కాలం కూడా రంగులోనే పట్టుబడుతుంది. జపాన్ విమానాల రెక్కల ముందంచుకు పసుపు పట్టీ చూసే ఉంటారు. సొంతవాళ్ళు పొరపాటున కాల్చకుండా పెట్టుకున్న గుర్తు అది, వచ్చింది 1942 రెండో సగంలో. ఏప్రిల్ నాటి కాకినాడ విమానానికి అది వేస్తే, చూసేవాడికి చరిత్ర తెలిస్తే ఆ బొమ్మ పక్కన పెట్టేస్తాడు. బీ5ఎన్‌కు శత్రువులు పెట్టిన ‘కేట్’ అనే పేరూ అంతే. శత్రు విమానాలకు ముద్దుపేర్లు పెట్టే ఆ పద్ధతిని 1942 మధ్యలో ఆస్ట్రేలియాలో ఫ్రాంక్ మెకాయ్ అనే అమెరికన్ నిఘా అధికారి మొదలుపెట్టాడు. కాకినాడ మీద బాంబులు పడ్డ రోజున ప్రపంచంలో ఎవరికీ ఆ పేరు తెలియదు.

ఆధారం దొరికితే బొమ్మ ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే విమానం కూడా ర్యూజోదే కావడం విశేషం. మన తీరం వదిలిన రెండు నెలలకు ఆ నౌక అలాస్కా పక్కన అల్యూషన్ దీవుల మీదికి వెళ్ళింది. జూన్ 4న దాని జీరో ఒకటి దెబ్బతిని ఆకుటాన్ దీవి చిత్తడి నేలలో దిగబోయి తిరగబడింది. పందొమ్మిదేళ్ళ పైలట్ తదయోషి కోగ అక్కడే ప్రాణం విడిచాడు. జులైలో అమెరికన్లు ఆ విమానాన్ని కనిపెట్టి, సాన్ డియేగోకు తరలించి, బాగుచేసి సెప్టెంబరులో ఎగరేశారు. తోక మీద నంబరు డీఐ-108. ఫోటోలున్నాయి, పరీక్షల నివేదికలున్నాయి. యుద్ధకాలపు జీరోల్లో దీనంత గట్టిగా గీయగలిగినవి తక్కువ. ర్యూజో మాత్రం ఆ ఆగస్టు 24న సాలొమన్ దీవుల దగ్గర అమెరికన్ విమానాల దాడిలో మునిగింది. కాకినాడ తర్వాత అది అయిదు నెలలు కూడా బతకలేదు.

అసలు ఎగరనే ఎగరని విమానాన్ని గీయాలంటే ఏం చేయాలి?

తచికావా కంపెనీ తలపెట్టిన కి-94 తొలి రూపం తీసుకోండి. చాలా ఎత్తున ఎగిరే బాంబర్లను అడ్డుకోవడానికి 1943 ప్రాంతంలో జపాన్ సైన్యం కోసం వేసిన డిజైన్. పైలట్‌కు ముందొక ఇంజిను, వెనకొక ఇంజిను. తోకను రెండు పొడుగాటి దూలాలు మోస్తాయి. చెక్క నమూనా కట్టారు. మరీ చిక్కుగా ఉందని సైన్యం వద్దంది. డిజైనర్ తత్సువో హసెగవా దాన్ని పక్కనపెట్టి మామూలు ఒంటి ఇంజినుతో ఇంకొకటి గీశాడు. అది తయారయ్యేసరికి యుద్ధమే అయిపోయింది, గాలిలోకి లేవలేదు. ఓడిన జపాన్‌కు విమానాలు చేసే అనుమతి లేకపోవడంతో హసెగవా టొయోటాలో చేరాడు. 1966లో వచ్చిన మొదటి కరోలా కారుకు చీఫ్ ఇంజినీర్ ఆయనే. మన రోడ్ల మీద ఆ పేరున్న కారు వెళ్ళినప్పుడు నాకు ఆ చెక్క నమూనా గుర్తొస్తుంది.

నకాజిమా ‘ఫుగకు’ది ఇంకో దారి. కంపెనీ అధిపతి చికుహెయి నకాజిమా ఆరు ఇంజిన్ల బాంబర్‌ను కలగన్నాడు. ఒక్కో ఇంజినుకు 5,000 గుర్రాల బలం, రెక్కలు 63 మీటర్ల దాకా, అమెరికా మీద బాంబులు వేసి అటునుంచి అటే జర్మన్ల చేతిలో ఉన్న యూరప్‌లో దిగడం. అంత బలమైన ఇంజిను జపాన్‌లో తయారు కాలేదు. 1944లో పథకం ఆగింది. దాని బొమ్మలు ఒకదానికొకటి కలవవు, ఎందుకంటే డిజైనే ఒక్కచోట నిలవలేదు. ఇక్కడ చిత్రకారుడు ఏ దశ నాటి ప్లాను గీస్తున్నాడో బొమ్మ కిందే చెప్పాలి.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ‘కిక్క’ కథ. జపాన్ తొలి జెట్ విమానం. 1945 ఆగస్టు 7న, హిరోషిమా మర్నాడు, సుసుము తకవొకా దాన్ని కిసరజు విమానాశ్రయం నుంచి ఎగరేశాడు. దాని ఇంజిను ఎలా పుట్టిందో చూడండి. జర్మన్ బీఎండబ్ల్యూ 003 జెట్ ఇంజిను వివరాలు ఐ-29 అనే జపాన్ జలాంతర్గామిలో బయల్దేరాయి. ఆ జలాంతర్గామి పేరు మనకు కొత్త కాదు. 1943 ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో జర్మన్ జలాంతర్గామి నుంచి సుభాష్ చంద్రబోసును ఎక్కించుకున్నది అదే. 1944 జులైలో సింగపూర్ చేరాక ఇవయ అనే అధికారి కొన్ని కాగితాలు పట్టుకుని విమానంలో ముందే టోక్యో వెళ్ళిపోయాడు. మిగతావాటితో సాగిన ఐ-29ని అదే నెల 26న అమెరికన్ జలాంతర్గామి ముంచేసింది. ఇంజినీర్ల చేతికి వచ్చింది ముఖ్యంగా ఒక అడ్డుకోత బొమ్మ ఫోటో. తనెగషిమ నాయకత్వంలోని బృందం ఆ బొమ్మను చదివి, తమకు తెలిసినదంతా దానికి జోడించి, నె-20 ఇంజినును నిలబెట్టింది. బొమ్మలకు ఏం విలువ అని అడిగేవాళ్ళకు నేను ఈ కథే చెబుతాను.

‘షిందెన్’ అనే మరో విమానం రెక్కలు వెనక్కి, చిన్న రెక్కలు ముందుకి, ప్రొపెల్లర్ తోక దగ్గర పెట్టుకుని, ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులతో 1945 ఆగస్టు 3న లేచింది. యుద్ధం ముగిసేలోగా మూడుసార్లు, మొత్తం ముప్పావు గంట ఎగిరింది. దాని ముందు భాగం ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ వారి దగ్గర ఉంది. 2023లో వచ్చిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ చూసిన మన కుర్రాళ్ళు దీన్ని వెంటనే గుర్తుపడతారు.

ఇలా అమెరికన్ల చేతికి చిక్కినవి బతికాయి. మిగిలినవాటికి ఆధారాలు కరువు, ఎందుకంటే లొంగిపోయిన రోజుల్లో జపాన్ కార్యాలయాలు కాగితాలను కుప్పలుగా తగలబెట్టాయి. ఆ ఖాళీని ఊహతో నింపడం ఇప్పుడు సులువైపోయింది. ఎగరని విమానానికి ఒక దళం పేరు, తోక నంబరు, కూల్చిన శత్రు విమానాల లెక్క, బురద, మసి అన్నీ అద్ది నిజంలా చూపిస్తున్నారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. నాకు మాత్రం అవి నచ్చవు. చెక్క నమూనా దాటని విమానాన్ని ఉత్త లోహం రంగులో, గుర్తుల్లేకుండా, మరకల్లేకుండా గీయాలి. ఊహించి గీసిన భాగం ఉంటే ఊహ అని రాయాలి. రేపు పదేళ్ళ పిల్లవాడు ఆ బొమ్మ చూసి ఇది ఏదో ఊరి మీద ఎగిరిందని నమ్మితే, ఆ ఊరి నిజమైన చరిత్రకు అంత మేర చోటు తగ్గిపోతుంది.

మన తీరానికి సంబంధించి గీయాల్సినవి నా లెక్కన కొన్నే. ర్యూజో మీది పాత రకం బీ5ఎన్, దాని తోడు ఏ5ఎం. తచికావా కట్టిన కి-77: ప్రపంచంలో రెండే తయారయ్యాయి. ఒకటి 1944 జులైలో మంచూరియా మీద చుట్లు కొడుతూ 57 గంటల్లో 16,435 కిలోమీటర్లు ఎగిరింది. రెండోది 1943 జులై 7న సింగపూర్ నుంచి హిందూ మహాసముద్రం మీదుగా క్రిమియాకు బయల్దేరి, అందులోని ఎనిమిది మందితో సహా తిరిగి కనబడలేదు.

నాలుగోది మిత్సుబిషి కి-21. జపాన్ సైన్యపు బాంబర్, రెండు ఇంజిన్లది. ఇదీ ‘97 రకమే’, కానీ బీ5ఎన్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఈ నాలుగింటిలో కోనసీమ ఇళ్ళల్లోకి నేరుగా దుఃఖం మోసుకొచ్చింది ఇదే అంటాను. గోదావరి జిల్లాల నుంచి రంగం (రంగూన్) వెళ్ళి రేవుల్లో బరువులు మోసి, మిల్లుల్లో పనిచేసి, ఇంటికి డబ్బూ టేకు దూలాలూ పంపినవాళ్ళ తల మీద 1941 డిసెంబరు 23న బాంబులు కురిపించింది ఇదే. ఆ ఒక్క రోజున రంగూన్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. రేవుల్లో కూలీలుగా ఉన్న భారతీయులు వారిలో ఎందరో. కి-21 పక్క బొమ్మ ఎవరైనా గీస్తే దాని కింద ఇంజిను పేరూ వేగమూ రాసి ఊరుకోవద్దని నా విన్నపం. ఆ తేదీ, ఆ ఊరు, ఆ కూలీలు కూడా ఆ రెండు లైన్లలో ఉండాలి.

ఆ బాంబుల తర్వాత రంగం నుంచి ఆరకాన్ కొండల మీదుగా, అస్సాం దారిన నడిచి తిరిగొచ్చినవాళ్ళ కథ వచ్చే భాగంలో.